మూడు గీతల బొడ్రాయి

అది 1932వ సంవత్సరం, మాఘమాసం చివరి రోజులు. కర్నూలు జిల్లా రీసర్వే పార్టీలో నేను సర్వేయరుగా చేరి అప్పటికి ఆరేళ్లయింది. నల్లమలకూ ఎర్రమలకూ నడుమ కుందూ పారే లోయలో, కడప జిల్లా సరిహద్దుకు దగ్గరగా మా క్యాంపు వేశాం. జొన్న కోతలు అయిపోయాయి. నల్లరేగడి ఎండి, చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుకుంది. ఆ నేల వానాకాలంలో కాళ్లు పట్టుకుని వదలదు, ఎండాకాలంలో కాళ్లు విరగ్గొడుతుంది. మా ఉద్యోగమేమో ఎక్కువగా ఎండాకాలంలోనే.

రీసర్వే అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. మా తాతల కాలంలో సర్కారు భూములన్నీ ఒకసారి కొలిచి, హద్దుల్లో రాళ్లు పాతి, కొలతలు రాసిపెట్టింది. మళ్లీ అరవై డెబ్బై ఏళ్ల తర్వాత ఆ పాత కొలతలు చేతబట్టుకుని, ప్రతి రాయీ తన చోట తాను ఉందా లేదా అని చూసుకోవడమే రీసర్వే. రాయి పోయి ఉంటే కొత్తది పాతాలి. జరిగి ఉంటే జరిపినవాళ్ల మీద కేసు రాసి, దాన్ని మళ్లీ అసలు చోటికి చేర్చాలి. మా ఆయుధం చైన్. అరవై ఆరు అడుగుల ఇనుప గొలుసు. దానికి నూరు లింకులు, అంటే రింగులతో కలిపిన నూరు కడ్డీ ముక్కలు. పల్లెల్లో మమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. "గొలుసయ్య వచ్చినాడు" అనేవాళ్లు.

నాకు ఆ రోజుల్లో రెండు గర్వాలు ఉండేవి. ఒకటి నా చేతిరాత, రెండోది నా కొలత. మొదటిదానికి ఇప్పటికీ ఢోకా లేదు. రెండోదాని కథే ఇది.

నాకిచ్చిన ఊళ్ల జాబితాలో ఎర్రనాగన్న కొట్టాలు అన్న పేరే లేదు. కొట్టం అంటే పశువులను కట్టే పాక. ఊరికి దూరంగా ఉన్న చేను దగ్గర కొట్టం వేసుకుని, పంట చేతికొచ్చేదాకా కాపలా ఉందామని వచ్చినవాళ్లు అక్కడే పిల్లలను కని, ఆ పిల్లలకు పెళ్లిళ్లు చేసి ఉండిపోతే అది కొట్టాలవుతుంది. ఈ సీమలో అలాంటివి శానా ఉన్నాయి. ఎర్రనాగన్న కొట్టాల్లో పద్నాలుగు ఇళ్లు. మునసబు లేడు, కరణం లేడు, చావిడి లేదు. మా కాగితాల్లో దాన్ని హ్యామ్లెట్ అంటారు, అంటే ఫలానా ఊరికి తోక అని. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే మూలలో ఉండేది అది. పడమట ఉన్న ఊరిని కొట్టాలవాళ్లు పెద్దూరు అనేవాళ్లు, తూర్పున ఉన్నదాన్ని తూర్పూరు అనేవాళ్లు. దక్షిణాన ఉన్నది కడప జిల్లా ఊరు. కాగితం ప్రకారం కొట్టాలు పెద్దూరివే గానీ, అక్కడికి వెళ్లి దారి బాగుచేయించమంటే "మీదెక్కడి ఊరు?" అనేవాళ్లట.

మూడు ఊళ్లు కలిసే చోట పాతే రాయిని ట్రైజంక్షన్ అంటాం. మామూలు హద్దురాయి కంటే పెద్దది. తల మీద మూడు గీతలు చెక్కి ఉంటాయి, ఒక్కో గీత ఒక్కో ఊరి పొలిమేర వైపు చూస్తుంది. ఆ లోయలో నా పని మొదలుపెట్టాల్సింది ఆ రాయి నుంచే. తీరా వెళ్లి చూస్తే అది ఎక్కడా కనిపించలేదు.

నాతో హుసేన్ ఉన్నాడు. మా చైన్‌మన్, అంటే గొలుసు పట్టేవాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నాకు ముందు ఐదుగురు సర్వేయర్ల దగ్గర పనిచేశాడు, ఐదుగురి పొరపాట్లూ చూశాడు, ఒక్కటీ బయట చెప్పడు. అంతకు రెండు రోజుల ముందు బండి చక్రం ఎక్కి మా గొలుసు ఒకచోట తెగితే పెద్దూరి కమ్మరి అతికించాడు. "సాబ్, ఒగసారి రాడ్ పెట్టి గొలుసు సూసుకుందామా?" అని హుసేన్ అడిగాడు. పొద్దెక్కుతోంది, పదమన్నాను.

పూటంతా కంపల్లో వెతికి వెతికి, దాహమేసి కొట్టాల్లోకి వెళ్లాం. ఇళ్ల మధ్యలో సున్నం కొట్టిన చిన్న గద్దె, దాని నడుమ పసుపు పూసిన రాయి ఉన్నాయి. హుసేన్ భుజం మీది గొలుసు చుట్టను దాని మీద దించాడో లేదో, ఎదురింట్లోంచి ఒక ముసలావిడ చీపురుతో సహా వచ్చేసింది.

"ఏమప్పా, కండ్లు కనపడల్యా? తల్లి మింద ఇనుము పెడ్తావా? తీయ్, ముందర తీయ్!"

హుసేన్ బెదిరిపోయి గొలుసు ఎత్తుకున్నాడు. నేను సర్కారు ఉద్యోగి గొంతు తెచ్చుకుని, "ఇదేం దేవుడవ్వా?" అన్నాను.

"దేవుడు కాదు సామీ, బొడ్రాయి. ఊరికి బొడ్డు. బొడ్డు ల్యాకుండా మనిషి పుడతాడా? బొడ్రాయి ల్యాకుండా ఊరు పుడతాదా?"

బొడ్రాయి సంగతి ఆ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఊరు కట్టేటప్పుడు నడిబొడ్డున పాతే రాయి అది. అది కదిలితే ఊరు చెదిరిపోతుందని నమ్మకం. కానీ బొడ్రాయి ఊళ్లకు ఉంటుంది, కొట్టాలకు ఉండదు. నాకు అనుమానం వచ్చి దగ్గరికి వంగి చూశాను. పసుపూ నూనే ఏళ్ల తరబడి పేరుకుపోయి తల నున్నగా మెరుస్తోంది. వేలితో కాస్త గీరితే ఒక గీత, ఇంకాస్త గీరితే మరోటి. మూడు గీతలు.

"అవ్వా," అన్నాను, "ఇది సర్కారు రాయి."

"సర్కారు యాడ, మా బొడ్రాయి యాడ! సర్కారు ఎప్పుడన్నా ఈడికి వచ్చిందా?" అని ఆమె పకపకా నవ్వింది. తర్వాత మజ్జిగ తెచ్చి ఇచ్చింది. దప్పికగొన్నవాడితో తగువు పెట్టుకోవడం ఆ ఇంట్లో లేదని తర్వాత తెలిసింది.

ఆమె పేరు ఓబుళమ్మ. ఎర్రనాగన్న కోడలు. యాభై అయిదేళ్ల కిందటి ధాత కరువులో పెద్దూరు సగం ఖాళీ అయినప్పుడు నాగన్న మిగిలిన రెండు ఎద్దులనూ తోలుకుని ఇక్కడికి వచ్చాడట. కంపల నడుమ ఈ రాయి నిలబడి ఉంది. తల మీద మూడు గీతలు. ఇది ఎప్పుడో పాడుబడిన ఊరి బొడ్రాయే అనుకున్నాడు ఆయన.

"మా మామ ఏమన్యాడో తెల్సునా సామీ? 'ఊరు సచ్చిపోయినా బొడ్రాయి సావల్యా. మనల్ని పిలుస్తాండాది' అన్యాడంట. దాని పక్కనే బాయి తవ్వితే తియ్యటి నీళ్లు పడినాయి. ఇంగ ఆయప్పకు అనుమానం ల్యాకపాయె. నేను పెండ్లయి వచ్చినప్పుడు ఈడ మూడే కొట్టాలు. పద్నాలుగు ఇండ్లూ నా కండ్ల ముందర లేసినాయి."

చదువుకున్నవాడెవడూ చేయలేని పొరపాటు అది. సర్కారు హద్దు అని రాయి పాతితే, ఆ రాయి దగ్గర ఒక ఊరు మొదలైంది. నాకు నవ్వొచ్చింది, కొంచెం ముచ్చటా వేసింది. కానీ ఆ ముచ్చట మరునాటి దాకానే.

మరునాడు మూడు ఊళ్ల మునసబుల ఎదుట కొలత పెట్టాం. నల్లమల అడుగున ఉన్న పాత రాయి నుంచి తూర్పూరి పొలాల మీదుగా ఈ ట్రైజంక్షన్ దాకా పాత రికార్డులో సరిగ్గా ఎనభై చైన్లు, అంటే మైలు. నెర్రెలు దాటుకుంటూ, కంప కొట్టించుకుంటూ పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి బొడ్రాయి దగ్గరికి చేరాం. డెబ్బై తొమ్మిది చైన్ల డెబ్బై లింకులు వచ్చింది. ముప్పై లింకులు తక్కువ. ఇరవై అడుగులు.

అర్థమేమిటంటే, రాయి ఉండాల్సిన చోటు ఇంకా ఇరవై అడుగులు పడమటికి ఉంది; ఎవరో దాన్ని తూర్పుకు జరిపారు. అసలు చోటికి మళ్లీ జరిపితే తూర్పూరి పొలిమేర ఇరవై అడుగులు ముందుకు వస్తుంది. ఆ ఇరవై అడుగుల్లో రెండు ఇళ్లు ఉన్నాయి. బావి ఉంది.

ఆ బావి గురించి చెప్పాలి. చుట్టుపక్కల నాలుగు మైళ్లలో ఎక్కడ తవ్వినా ఉప్పగా ఉండే సౌడునీళ్లే. కందిపప్పు పొద్దంతా ఉడికించినా ఉడకదు. ఆ ఒక్క బావిలోనే తియ్యటి నీళ్లు. అది పోతే కొట్టాలవాళ్లు నీళ్ల కోసం కుందూ దాకా నడవాలి, లేదా మళ్లీ ఎద్దులను తోలుకుని ఎక్కడికో పోవాలి.

తూర్పూరి మునసబు చెడ్డవాడు కాదు. నిదానంగా మాట్లాడే మనిషి. కానీ ఆయన ఊరి బావులన్నీ సౌడువి, ఆయన పశువులు శానా. "సర్వేరుగారూ, న్యాయం ఏముంటే అదే రాయండి. మా పొలిమేర మాకు రావల్ల," అన్నాడు. ఆయన చూపు మాత్రం బావి మీదే ఉంది.

నేను ఓబుళమ్మను పిలిచి చెప్పాను. నా గొంతు కటువుగానే ఉండి ఉంటుంది. "మీవాళ్లు రాయి జరిపారు. కొలత చెబుతోంది."

"జరపడమా?" ఆమెకు మొదట అర్థమే కాలేదు. అర్థమయ్యాక చెంపలు వేసుకుంది. "బొడ్రాయిని ఎవరన్నా జరుపుతారా సామీ? మేము దాన్ని యాడికీ తీసకపోలేదు. అదే మమ్మల్ని ఈడికి తెచ్చింది."

"అబద్ధం ఆడడానికి గొలుసుకు నోరు లేదవ్వా."

"గొలుసు ఇనుముది. నేను మనిషిని. ఎవరి మాట ఇంటావు?"

"గొలుసు మాటే," అన్నాను. ఆ జవాబు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు కాలుతాయి.

అయినా కేసు రాసే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటి మిగిలి ఉంది. పాత సర్వేలో పెద్ద రాళ్లు పాతేటప్పుడు గోతి అడుగున ఒక గంపెడు బొగ్గులు పోసేవాళ్లు. బొగ్గు చివకదు, చెదలు పట్టదు, ఎన్నేళ్లయినా అట్లాగే ఉంటుంది. ఈ సంగతి సర్వేవాళ్లకే తెలుసు. రాయిని దొంగతనంగా జరిపేవాడు రాయినే జరుపుతాడు గానీ కింది బొగ్గును తీసుకుపోడు. రాయి కింద బొగ్గు ఉంటే రాయి తన చోటే ఉన్నట్టు. లేకపోతే జరిగినట్టు.

"తవ్వి చూస్తాను," అన్నాను.

పద్నాలుగు ఇళ్ల మనుషులూ ఒక్కసారి లేచారు. ఓబుళమ్మ కొడుకు పెద్దనాగప్ప, నెమ్మదస్థుడు, గద్దెకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "వద్దు సామీ. బొడ్రాయి కింద గడ్డపార పడితే ఊరు నిలబడదు. కావల్లంటే నన్ను తీసకపోయి జైల్లో పెట్టుకోండి."

తవ్వితే ఊరు చెదురుతుంది. తవ్వకపోతే నీళ్లు పోతాయి, అప్పుడూ ఊరు చెదురుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారే, అదీ వాళ్ల పరిస్థితి. నేను గుడారానికి వచ్చి కేసు కాగితం తీసి, తారీఖు వేసి, పైన నా అందమైన చేతిరాతతో ఊరి పేరు రాయబోయి ఆగాను. కేసులో ఊరి పేరు రాయాలి. మా కాగితాల్లో ఆ ఊరికి పేరు లేదు. పెద్దూరి పేరు రాసి, పక్కన "హ్యామ్లెట్" అని రాశాను. మిగతా వరసలు ఖాళీగా ఉంచాను.

మరునాడు పొద్దున్నే ఓబుళమ్మ గుడారం దగ్గరికి వచ్చింది. కింద కూర్చోమంటే కూర్చోలేదు.

"సామీ, రాత్రంతా యోచన చేస్తిని. నీళ్లు ల్యాకపోతే మేముండం. మేము ల్యాకపోతే బొడ్రాయికి పసుపు పూసేదెవరు? నువ్వు తవ్వు. కాకపోతే మేం చెప్పినట్ల తవ్వల్ల. బొడ్రాయి పండగ చేస్తాం. ఈ ఊర్లో పుట్టి యాడికి పోయిన ఆడబిడ్డయినా రావల్ల. అందురూ వచ్చినాంక, పొలిమేర కట్టినాంక, అప్పుడు తవ్వు. ఐదు రోజులు గడువియ్యి."

"బొగ్గు లేకపోతే?" అన్నాను.

"ల్యాకపోతే అందురం ఒగసారి కండ్లారా సూసుకుని పోతాం. ఆడబిడ్డలకు పుట్టిల్లు పోతాంటే చెప్పకుండా పోతామా?"

ఐదు రోజులు గడువివ్వడానికి నాకు అధికారం లేదు. ఇచ్చాను. ఆ ఐదు రోజులూ మిగతా పనులు చూసుకున్నాను. పూట పూటకూ బండి మీద ఒక ఆడబిడ్డ దిగేది. పత్తికొండ వైపు నుంచి ఒకామె, మహానంది దగ్గరి నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒంటిమిట్ట నుంచి మనవరాలిని చంకనేసుకుని ఒక ముసలామె. నలభై ఏళ్లుగా పుట్టింటికి రాని మనిషట ఆమె. బండి దిగి ఎవరినీ పలకరించకుండా నేరుగా బావి దగ్గరికి వెళ్లి, చేద వేసి, రెండు దోసిళ్లు తాగి, అప్పుడు ఏడ్చింది. నేను ఆ పక్కన బల్ల వేసుకుని కొలతలు రాసుకుంటున్నాను. ఆ పూట నా చేతిరాత ఏమంత బాగా రాలేదు.

ఐదో రోజు పొద్దున పొలిమేర కట్టారు. పసుపు కలిపిన జొన్నన్నం గంపల్లో పెట్టుకుని "పొలి, పొలి" అని చల్లుతూ కొట్టాల చుట్టూ తిరిగారు. దారికి అడ్డంగా వేపమండలు గుచ్చిన తాడు కట్టారు. ఇక కార్యం ముగిసేదాకా లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. పరీక్షకు సాక్షిగా వచ్చిన తూర్పూరి మునసబు కూడా లోపలే చిక్కాడు. బయటపడలేక ఆయన పడే తంటాలు చూసి ఓబుళమ్మ, "ఏమి రెడ్డీ, మా నీళ్లు కావల్లంటివి. ఈ పొద్దు కడుపునిండా తాగు," అంది. ఆయన కూడా నవ్వేశాడు.

కొట్టాలవాళ్లు తవ్వకూడదు, తూర్పూరివాళ్లు తవ్వకూడదు. రేపు ఎవరూ వంక పెట్టకుండా మా మనిషే తవ్వాలి. హుసేన్ చెప్పులు విడిచి, తలకు గుడ్డ చుట్టి, "బిస్మిల్లా" అని గడ్డపార ఎత్తాడు. ఎత్తి, చటుక్కున ఓబుళమ్మ వైపు చూశాడు.

"పిలువప్పా, నీ దేవున్నీ పిలువు. ఈ పొద్దు ఎవరొచ్చినా మాకు మంచిదే," అందామె.

రాయి కదలకుండా నలుగురు పట్టుకున్నారు. పక్క నుంచి వాలుగా తవ్వాడు. మూరెడు లోతుకు సున్నపుగద్దె పోయి నల్లమన్ను వచ్చింది. రెండో మూరకు పక్కనున్న వేపచెట్టు వేళ్లు రాయి చుట్టూ అల్లుకుని ఉన్నాయి. నాకు అప్పుడు లోపల ఏమనిపించిందో దాచకుండా చెబుతాను. బొగ్గు ఉండాలని కోరుకున్నాను. నా కొలత తప్పు కావాలని నేను కోరుకోవడం ఉద్యోగంలో అదే మొదలు.

హుసేన్ గడ్డపార పక్కనపెట్టి చేత్తో మన్ను తోడాడు. ఆ చెయ్యి నల్లగా పైకి వచ్చింది. పిడికిలి విప్పాడు. బొగ్గులు.

ఆడబిడ్డలంతా ఒక్కసారి ఏడుపందుకున్నారు. పెద్దనాగప్ప గద్దె ముందు సాగిలపడ్డాడు. గోతిలో గంపెడు బొగ్గు, డెబ్బై ఏళ్లనాడు ఎవరో నాలాంటి గొలుసయ్య పోసింది పోసినట్టే, రాయి పాదం కిందే ఉంది. రాయి వెంట్రుకవాసి కూడా కదలలేదు.

అప్పుడు తూర్పూరి మునసబు నిదానంగా అడిగాడు. "మరి ఇరవై అడుగులు యాడికి పాయె సర్వేరుగారూ?"

హుసేన్ గుడారంలోంచి పొద్దునే తెచ్చిపెట్టిన సామాన్ల దగ్గరికి వెళ్లి ఆఫ్‌సెట్ రాడ్ తెచ్చాడు. అది పది లింకుల పొడవున్న కొయ్య బద్ద. పదిసార్లు వరసగా వేస్తే సరిగ్గా ఒక గొలుసు కావాలి. నేల మీద గొలుసు పరిచి, పక్కన పదిసార్లు రాడ్ వేసి, గీత గీశాడు. గొలుసు ఆ గీత దాటి ఇంకా ఉంది. నాలుగు వేళ్లు. మూడు అంగుళాలు.

కమ్మరి అతికించిన చోట కొత్త కడ్డీ పొడుగైంది. గొలుసుకు మూడు అంగుళాల చొప్పున ఎనభై గొలుసులకు ఇరవై అడుగులు. గొలుసు పొడుగైతే లెక్క తక్కువ వస్తుందని మొదటి నెల ఉద్యోగికి కూడా తెలుసు. రోజూ పొద్దున పనికి ముందు గొలుసును రాడ్‌తో సరిచూసుకోవాలని రూలు. హుసేన్ చూద్దామన్నాడు కూడా. నేనే వద్దన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నా గొలుసు సాగితే వాళ్ల రాయి జరిగిందన్నాను.

తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని పోవచ్చు. ఆ గీతకు అర్థం అక్కడ హుసేన్‌కూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. హుసేన్ ఎట్లాగూ చెప్పడు. కానీ ఒంటిమిట్ట నుంచి వచ్చిన ముసలామె ఇంకా బావి గట్టు పట్టుకుని నిలబడి ఉంది. నేను గద్దె ముందుకు వెళ్లి చెప్పాను. "రాయి జరగలేదు. నా గొలుసు మూడు అంగుళాలు పొడుగుంది. నేను చూసుకోలేదు. తప్పు నాది. బావీ ఇళ్లూ మీవే."

మునసబు వంగి గీతనూ గొలుసు చివరనూ చూసుకున్నాడు. "మంచిది," అన్నాడు. "మా పొలిమేర మాకుంది. అంతే కదా." ఆయన గొంతులో కోపం లేదు. చెంబెడు నీళ్లు అడిగి తాగాడు.

ఓబుళమ్మ నా దగ్గరికి వచ్చి, గొలుసు చివర పట్టుకుని ఆ నాలుగు వేళ్ల మేర తన వేళ్లతో కొలిచి చూసుకుంది.

"ఇంతేనా సామీ! ఇంత ఇనుముకు నా ఊరు పోతాండె!" అంది. తర్వాత ఆమె నవ్వింది. "నీ గొలుసుకూ ఇంత పొలి చల్లుదామా?"

నాకు సిగ్గేసింది, కానీ నవ్వక తప్పలేదు. గొయ్యి పూడ్చబోతుంటే ఆమె ఆపింది.

"ముందరి గొలుసయ్య బొగ్గులు పోసినాడు. అవే మమ్మల్ని కాపాడినాయి. ఈసారి మేము పోస్తాం." పద్నాలుగు ఇళ్ల ఆడవాళ్లూ తమ తమ పొయ్యిల్లోంచి తలా చారెడు బొగ్గులు తెచ్చారు. ఒక్కొక్కరూ వచ్చి గోతిలో వేసి, రాయికి మొక్కి వెళ్లారు. అత్తగారిళ్ల నుంచి వచ్చిన ఆడబిడ్డలు తల్లుల చేతుల మీద చేతులు వేశారు. నేను ఫీల్డ్‌బుక్కులో రాసుకుంటున్నాను. రాయి స్థానం సరి. అడుగున బొగ్గు ఉంది. చైన్ పొడుగు, తనిఖీ చేయలేదు, బాధ్యుడు నేను. ఆ చివరి వరసకు తర్వాత పైఅధికారి చేత చీవాట్లు తిన్నాను. నా తప్పు తూకానికి అవి తక్కువే.

"ఆ కాయితంలో మేము యాడుండాం సామీ?" ఓబుళమ్మ నా భుజం మీదుగా చూస్తూ అడిగింది.

పటం తీసి చూపించాను. మూడు గీతలు కలిసే చోట ఒక చుక్క. చుక్క పక్కన ఏమీ లేదు. కలం సిరాలో ముంచి ఆమె చూస్తుండగానే రాశాను. ఎర్రనాగన్న కొట్టాలు. అక్షరాలు రాకపోయినా ఆమె ఆ రాతను శానాసేపు చూసింది. పై కార్యాలయంలో ఎవరూ ఆ పేరు కొట్టేయలేదు. అచ్చు పటంలో ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత ఇంకా శానా ఏళ్లు సర్వేలో చేశాను. నా కింద పని నేర్చుకున్నవాళ్లందరికీ మొదటి రోజే ఒక మాట చెప్పేవాణ్ణి. రాయి జరిగిందని రాసే ముందు నీ గొలుసు కొలుచుకో. ఊరి మనిషి అబద్ధమాడుతున్నాడని అనే ముందు ఇంకోసారి కొలుచుకో. వాళ్లు నాకు చాదస్తమనుకునేవాళ్లు. అనుకోనీ.

అయితే ఆ రోజు ఇంకొకటి జరిగింది. పద్నాలుగు ఇళ్ల బొగ్గూ పడ్డాక, హుసేన్ మన్ను పోయబోతే ఓబుళమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగప్పా. పొలిమేర కట్టినప్పుడు లోపల ఎవరుంటే వాళ్లంతా ఊరోళ్లే. అది మా మామ పెట్టిన కట్టు." నా వైపు తిరిగింది. "ఏమి నాయనా, నీ పొయ్యి బొగ్గు యాడ?"

ఆ పూట అన్నం వండిన మా క్యాంపు పొయ్యి ఆ పొలిమేర తాడు లోపలే, బావి పక్కనే ఉంది. హుసేన్ వెళ్లి చారెడు బొగ్గులు తెచ్చి నా దోసిట్లో పోశాడు. వంగి వేశాను. ఆ రాయి కింద పదిహేను పొయ్యిల బొగ్గు ఉంది. ఎన్నేళ్ల తర్వాత ఏ గొలుసయ్య వచ్చి తవ్వినా, అందులో ఒక చారెడు నాది.